పగలు పూయని తోట

ఏళ్ల తరబడి వెల్డింగ్ చేసి కళ్లు దెబ్బతిన్న మామగారు ఎండ చూడలేరు. పొద్దుగూకాకే పెరట్లోకి వస్తారు. ఆ సాయంత్రం కోడలు పొద్దువాలాక పూసే రేరాణి, చంద్రకాంత మొక్కలు నాటుతుంటే చుట్టాల ముందే వెక్కిరించారు.

"పగలు ఒక్క పువ్వూ పూయదట! ఎవరు చూడ్డానికమ్మా ఈ తోట?"

కోడలు తల వంచుకుని మట్టి సర్దింది. అత్తగారికి ఒళ్లు మండింది.

"పగలు మీరు గడప దాటతారా? మీరు చూడాలనే నడుం విరిగేలా తవ్వుతోంది పిల్ల."

చుట్టాల నవ్వులు ఆగిపోయాయి. మామగారికి తలకొట్టేసినట్టయింది. చెంబు అందుకుని దగ్గరున్న మొక్కకు నీళ్లు పోయబోయారు.

"దానికి పోసేశాను మామయ్యా, ఎక్కువైతే కుళ్లిపోతుంది. ఆ పక్కదానికి పోయండి" అంది కోడలు మెల్లగా.

ఆయన తలెత్తకుండానే పక్కదానికి పోశారు.