పాత నివా మీద కన్ను

రేడియేటరుకు నీళ్ళు కావాలని వచ్చినవాళ్ళు తమ కారు బానెట్ తెరవనే లేదు. బకెట్ పట్టుకెళ్ళిన లావుపాటివాడు అటూ ఇటూ చూసి నీళ్ళన్నీ మంచులో ఒంపేశాడు. వంటగది కిటికీలోంచి జిపారా అది చూసింది. మామకు చెబుదామనుకునేసరికి ఆయన రెండోవాడి భుజం మీద చెయ్యేసి లోపలికి తీసుకొచ్చేస్తున్నాడు.

"చలిలో నిలబెట్టి నీళ్ళిచ్చి పంపడానికి ఇదేమన్నా పెట్రోలు బంకా? రండి నాయనా. రొట్టె తుంచి, టీ తాగి పోదురుగాని" అంటున్నాడు తుర్దకున్.

రెండోవాడి పేరు మెలిస్. బిష్కెక్‌లో వ్యాపారమట. తోలు కోటు, నున్నటి గెడ్డం, తియ్యటి మాట. గుమ్మం దాటుతూ ఒక్కసారి వెనక్కి తిరిగి చూశాడు. షెడ్డు కింద నిలబడి ఉన్న పాత ఆకుపచ్చ నివా కారును చూశాడు.

ఆ చూపు జిపారాకు నచ్చలేదు.

శరత్కాలం నుంచి కింది ఊళ్ళలో నివాలు ఒక్కొక్కటే మాయమవుతున్నాయి. రాత్రికి రాత్రి విప్పేసి, ముక్కలుగా అమ్మేస్తున్నారట. ఊళ్ళో మిగతావాళ్ళకు కారు పోతే ఇనుము పోయినట్టు. జిపారాకు అలా కాదు. ఆమెకు నెలలు నిండాయి. తమ ఊరు సారీబులున్ నుంచి పట్నం ఆస్పత్రికి వెళ్ళాలంటే లోయ దాటాలి. మంచు పడితే అంబులెన్సు పైకి రాదు. పోయిన చలికాలం ఎగువ వీధి కోడల్ని స్లెడ్జి బండి మీద దింపారు. తల్లి బతికింది, బిడ్డ దక్కలేదు. ఆ లోయలో మంచులో దిగగలిగిన బండి ఊరి మొత్తానికి ఈ నివా ఒక్కటే. రేపు పొద్దున్నే మామ తనను ఆస్పత్రిలో చేర్చాలి.

జిపారా తలగుడ్డ ముందుకు లాక్కుని టీ నీళ్ళు మరిగే సమోవార్ పక్కన కూర్చుంది. టీ పొయ్యడం కెలిన్ పని, అంటే ఇంటి కోడలి పని. గిన్నె అడుగున కొద్దిగా పోసి రెండు చేతులతో అందించాలి. అది అయిపోగానే మళ్ళీ కొద్దిగా. అంటే, ఇంకాసేపు ఉండండి, మీరుంటే మాకు సంతోషం అని. గిన్నె నిండా పోశారంటే, తాగి లేవండి అని.

"అక్సకాల్, ఆ బండి ఇంకా నడుస్తుందా? కోళ్ళగూడు చేసేశారా?" అన్నాడు మెలిస్ నవ్వుతూ, తెల్లగెడ్డపు పెద్దలను పిలిచే మర్యాద పిలుపుతో.

తుర్దకున్ తెల్లగెడ్డం అదిరింది. "కోళ్ళగూడా! నీళ్ళు అడుక్కుంటున్నది నీ బండి, నాది కాదు."

"నిజమేలెండి. మరి దొంగల భయం లేదా? ఈ పాతవాటికి స్క్రూడ్రైవర్ ఉంటే చాలటగా."

"రానీ! చీకటి పడితే బ్యాటరీ నా మంచం కిందికొస్తుంది. స్టీరింగుకి గొలుసు. అవి దాటి స్టార్టు చేశాడే అనుకో. వంతెన దాకా తీసుకెళ్ళి అక్కడ చచ్చి కూచుంటుంది. తన్నినా లేవదు."

"అదేం మంత్రం?"

"మంత్రం కాదు నాయనా. ఇది" అని తుర్దకున్ తన బుర్ర మీద వేలితో కొట్టుకున్నాడు.

లావుపాటివాడు నవ్వాడు. మెలిస్ నోరు నవ్వింది, కళ్ళు నవ్వలేదు. మాటల్లో మాటగా ఫోను నంబరు తీసుకున్నాడు, ఇంట్లో ఎవరెవరుంటారని అడిగాడు. మామ దాచలేదు. కొడుకు గొర్రెలతో కొండమీది చలికాలపు కొట్టంలో ఉన్నాడు. తన చెల్లెలు పై ఊళ్ళో ఉంది, గుండెజబ్బు మనిషి, ఎప్పుడే కబురొస్తుందోనని భయం. ఇంట్లో తనూ కోడలూ, అంతే.

ఒక్కో మాటా మెలిస్ జేబులోకి వెళుతున్నట్టే ఉంది జిపారాకు. అతిథుల ముందు మామ మాటకు అడ్డం వెళ్ళడానికి నోరు లేదు. చేతులున్నాయి. మెలిస్ చాచిన గిన్నె అందుకుని, అంచుదాకా పోసి, అతని ముందు పెట్టింది.



తుర్దకున్ ముఖం కందగడ్డయింది. మెలిస్ గిన్నెకేసి, ఆమెకేసి చూసి మెల్లగా లేచాడు.

"కెలిన్ చెయ్యి ఇవాళ ధారాళంగా ఉంది. పద పోదాం."

"కూర్చోండి! అమ్మాయికి నెలలు నిండాయి, చెయ్యి స్వాధీనంలో లేదు."

"ఫర్లేదు అక్సకాల్. ముక్కూ మొహం తెలీనివాళ్ళం. దొంగలమనుకునుంటుంది. తప్పు పట్టం."

ఆ మాట సరిగ్గా తగలాల్సిన చోట తగిలింది. పెద్దాయన లేచి నిలబడ్డాడు. "నా ఇంట రొట్టె తుంచినవాణ్ణి దొంగనుకోవడమా? నాకు నీ మీద అనుమానం ఉందో లేదో నువ్వే చూద్దువుగాని. రా!"

చెయ్యి పట్టుకుని షెడ్డు కిందికి లాక్కెళ్ళాడు. జిపారా కిటికీ దగ్గరికి పరిగెత్తింది. మామ డ్రైవరు సీటు కింద పట్టా ఎత్తాడు. పెట్రోలు గొట్టానికి తన చేత్తో బిగించుకున్న ఇత్తడి ట్యాప్ చూపించాడు. అది కట్టేస్తే కార్బురేటర్‌లో మిగిలిన పెట్రోలుతో బండి కాస్త దూరం పోయి ఆగిపోతుంది. కన్నకొడుక్కి తప్ప ఎవరికీ చెప్పని సంగతి. ఒక గిన్నె టీ నిండినందుకు దాన్ని పరాయివాడి చేతిలో పెట్టేశాడు. అనుమానం లేదని చూపించడానికి వాడిచేత ట్యాప్ తిప్పించాడు కూడా.

వాళ్ళ కారు వీధి మలుపు తిరగ్గానే మామ లోపలికొచ్చి విరుచుకుపడ్డాడు.

"నా ఇంట్లో నిండు గిన్నె! మీ అమ్మ నేర్పిన మర్యాద ఇదేనా?"

"ఆతా, వాళ్ళు నీళ్ళు బండిలో పొయ్యలేదు. మంచులో పారబోశారు. నేను చూశాను." మామను ఆమె తండ్రిని పిలిచినట్టే ఆతా అని పిలుస్తుంది.

పెద్దాయన కళ్ళు కిటికీలోంచి షెడ్డుకేసి వెళ్ళాయి. తర్వాత గెడ్డం పైకెత్తాడు.

"అయితే? ఇప్పుడు నేను ట్యాప్ మార్చితే అతిథిని దొంగ అన్నట్టే. నా చేతులతో ఆ పని చెయ్యను."

మధ్యాహ్నం దాటాక ఫోను మోగింది. పై ఊరి నుంచట. చెల్లెలు పడిపోయింది, మాట లేదు, వెంటనే రమ్మన్నారు. తుర్దకున్ గబగబా గుర్రానికి జీను కట్టాడు.

"ఫోను చేసిందెవరు ఆతా?"

"వైద్యశాల మనిషట, పేరు అడగలేదు. బండి నీకోసం ఇక్కడే ఉంటుంది అమ్మాయ్. చీకటి పడేలోగా వచ్చేస్తా."

ఉన్న ఒక్క ఫోనూ ఆయన జేబులోనే వెళ్ళిపోయింది. ఆకాశం బూడిదరంగు కంబళిలా కిందికి దిగుతోంది. ఊరి చివరి ఇల్లు. ఎవరినైనా పిలవాలంటే వాగు దాటాలి.

జిపారా ఆలోచిస్తూ నిలబడలేదు. షెడ్డు కిందికి వెళ్ళి నివా బానెట్ ఎత్తింది. పెళ్ళైన కొత్తలో, కొండమీద పచ్చిక మైదానంలో, మొగుడు సరదాగా నేర్పిన పని. బండి నడపడమూ అక్కడే నేర్చుకుంది, మామకు తెలియకుండా. డిస్ట్రిబ్యూటర్ మూత విప్పి, లోపల తిరిగే చిన్న రోటర్ ముక్క లాగేసింది. మూత మళ్ళీ బిగించింది. ముక్కను తలగుడ్డ కింద జడలో ముడేసింది. మామ చేతులతో చెయ్యనన్న పని తన చేతులతో అయిపోయింది.

ఇంట్లోకి అడుగు పెడుతుండగా నడుం దగ్గర మొదటి నొప్పి మెలితిప్పింది. గోడ పట్టుకుని ఊపిరి తీసుకుంటుంటే బయట కారు ఆగిన చప్పుడయింది.

"అక్సకాల్ పంపాడు కెలిన్, బండి తెమ్మని. చెల్లెల్ని ఆస్పత్రికి తీసుకెళ్ళాలట" అంటూనే మెలిస్ మేకుకున్న తాళాలు తీసుకున్నాడు. ఆమె జవాబు కోసం ఆగలేదు.

షెడ్డు కింద ఇంజను గురగురలాడింది. మళ్ళీ గురగుర. మళ్ళీ. తర్వాత నిశ్శబ్దం. మంచులో బూట్ల చప్పుడు ఇంటివైపు తిరిగి వచ్చింది.

ఈసారి మెలిస్ ముఖంలో తియ్యదనం లేదు. "ట్యాప్ తెరిచాను. బ్యాటరీ బాగుంది. ఏం తీశావు?"

లావుపాటివాడు పెట్టె మూత తన్ని పరుపులూ రజాయిలూ నేలకేసి కొట్టాడు. "రెండు తగిలిస్తే అదే చెబుతుంది."

జిపారా కాళ్ళ వెంట వెచ్చగా నీరు జారింది. ఉమ్మనీరు. ఇంక వ్యవధి లేదు. పొయ్యి అంచు పట్టుకుని నిటారుగా నిలబడింది. ఆ స్థితిలోనూ అలవాటు కొద్దీ 'మీరు' అనే వచ్చింది.

"మంచు మొదలైంది చూడండి. మంచు పడితే లోయ కింద గేటు దగ్గర దిగే ప్రతి బండినీ ఆపుతారు. కాపలాదారుకి ఈ బండి ఎవరిదో తెలుసు. మీరొక్కరే నడుపుకుంటూ పోతే ఏం చెబుతారు? నేను పక్కనుంటే అడగడు. నన్ను ఆస్పత్రి మెట్ల దగ్గర దించండి. తర్వాత బండి మీ ఇష్టం."

మెలిస్ కిటికీకేసి చూశాడు. రేకులు రేకులుగా పడుతోంది.

"నీకు తెలివుంది కెలిన్. సరే, కానివ్వు." జిపారా జడ ముడి విప్పి రోటర్ ముక్కను అతని చేతిలో పెట్టింది.

లోయలో దారి కనిపించీ కనిపించకుండా ఉంది. నివా పాత ఎద్దులా మంచును తోసుకుంటూ దిగుతోంది. అది తొక్కిన చాళ్ళలోనే వెనక లావుపాటివాడి కారు. నొప్పి వచ్చినప్పుడల్లా జిపారా డాష్‌బోర్డు పట్టుకుని పెదవి కొరుక్కుంటోంది. మెలిస్ ఆమెకేసి ఒక్కసారీ చూడలేదు. సగం దారిలో వెనక కారు లైట్లు టపటపా వెలిగి ఆరాయి. మెలిస్ బండి ఆపి దిగాడు. పూర్తిగా మూయని అద్దం సందులోంచి మాటలు వినబడ్డాయి.

"ముక్క బిగించాంగా. ఇంకా దీన్నెందుకు మోస్తున్నావ్?" అన్నాడు లావుపాటివాడు.

"గేటు?"

"సరే, గేటు దాటాక దించేద్దాం. ఆస్పత్రి మెట్లేంటి, పట్నంలో పదిమంది చూడ్డానికా?"

మెలిస్ కాదంటాడని జిపారా ఎదురుచూసింది. గాలి రాళ్ళకు కొట్టుకుని ఊళపెట్టింది.

"సరే. దాటాక" అన్నాడు మెలిస్.

తిరిగొచ్చి కూర్చుని, కోటు జేబులోంచి పొడుగాటి స్క్రూడ్రైవర్ తీసి ఒడిలో పెట్టుకున్నాడు. "గేటు దగ్గర ఒకటే మాట. నేను నీ మొగుడి పెదనాన్న కొడుకుని. ఆస్పత్రికి తీసుకెళుతున్నాను. కేక పెట్టావో, ఆ కర్ర గేటుని గుద్దుకుని పోవడం నాకు క్షణం పని. ముందు నీ సంగతి చూసి మరీ పోతాను."

మలుపు తిరగ్గానే లాంతరు వెలుగు. అడ్డకర్ర. భుజాన తుపాకీ, నెత్తిన గొర్రెచర్మపు టోపీ, దాని మీద వేలెడు మంచుతో ఓమోర్. ఇరవై ఊళ్ళకు తెలిసిన గేటు కాపలాదారు. లాంతరు ఎత్తి లోపలికి చూశాడు.

"తుర్దకున్ బండే! ఏమ్మా, నొప్పులా? మీ మామ ఏడీ? ఈయనెవరు?"

ఒడిలో స్క్రూడ్రైవర్ మొన ఆమె వైపు తిరిగింది.

జిపారా తలగుడ్డ సర్దుకుంది. ప్రతి అక్షరం విడివిడిగా వినిపించేట్టు చెప్పింది.

"మామయ్య పై ఊరు వెళ్ళారు అన్నా. ఈయన మావారి పెదనాన్నగారి పెద్దబ్బాయి. మెలిస్. మెలిస్ తీసుకెళుతున్నాడు."

అత్తింటి పెద్దవాళ్ళ పేరు కోడలి నోట రాకూడదు. బావగారి పేరు నీళ్ళ పేరైతే నీళ్ళకు ఇంకో మాట వాడుకునే కోడళ్ళున్న ఊళ్ళవి. చావు దగ్గరికొచ్చినా, నొప్పుల్లో మెలికలు తిరుగుతున్నా ఆ పేరు పలకరు. పట్నంలో పెరిగిన మెలిస్‌కు ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. వాడు తృప్తిగా తలాడించాడు.

ఓమోర్ నవ్వు ముఖం మీదే ఉంది. కళ్ళు మాత్రం జిపారా కళ్ళను వదల్లేదు.

"మెలిస్సా. మంచిది, మంచిది" అని లాంతరు కిందికి దించాడు. "అదేంటి తమ్ముడూ, ముందు చక్రం అలా వాలిపోయింది? ఊడేట్టుంది. నొప్పుల మనిషిని ఎక్కించుకుని ఇలాగేనా నడిపేది? దిగి చూడు."

మెలిస్ తటపటాయించాడు. బంధువైనవాడు దిగకుండా ఎలా ఉంటాడు? ఇంజను ఆపకుండా తలుపు తీసి, వంగి చూశాడు.

తుపాకీ మడమ అతని మెడ వెనక దిగింది.

"కెలిన్! పో!" ఓమోర్ అరుస్తూనే అడ్డకర్రను పైకి తోశాడు.

జిపారా పొట్ట పట్టుకుని డ్రైవరు సీట్లోకి జరిగింది. క్లచ్చి, గేరు. బండి ఎగిరి ముందుకు దూకింది. అద్దంలో చూసింది. మంచులో బోర్లా పడ్డ మెలిస్, వాడి వీపు మీద మోకాలు మోపిన ఓమోర్. అడ్డకర్ర కిందికి దిగుతోంది. మరుక్షణం కర్ర ఫెళ్ళున విరిగిన చప్పుడు. లావుపాటివాడి కారు లైట్లు చీకటిని చీల్చుకుంటూ ఆమె వెనకపడ్డాయి.

నొప్పి వచ్చింది. దారి కళ్ళముందు రెండయింది. స్టీరింగు వదల్లేదు. వెనక లైట్లు దగ్గరవుతున్నాయి, నివా లోపలంతా తెల్లబడుతోంది. పట్నం మొదటి వీధి. రొట్టెల కొట్టు. ఆస్పత్రి కంచె. మెట్ల ముందు బ్రేకు తొక్కి, తలుపు తోసుకుని దిగింది. తాళం తియ్యలేదు. తలుపు వెయ్యలేదు. మెట్ల కమ్మీ పట్టుకుని ఎక్కసాగింది.

వెనక కారు ఆగింది. బరువైన బూట్లు మంచులో దిగాయి.

పైన తలుపు తెరుచుకుని నర్సు పరిగెత్తుకొచ్చి జిపారాను నడుం దగ్గర పట్టుకుంది. ఆమె భుజం మీదుగా కిందికి చూసింది.

"ఆ బండి మీదేనా? ఇంజను ఆపలేదు. ఎవరో ఎక్కుతున్నాడు, చూడండి!"

"ఎక్కనివ్వండి" అంది జిపారా పళ్ళబిగువున. "బండి పోతే పోయింది. నన్ను లోపలికి తీసుకెళ్ళండి."

కింద నివా తలుపు ధడాలున పడింది. ఆమె వెనక్కి తిరగలేదు.