రెండెకరాల పల్లం

వరి మడి మూలలు కోయడానికి ఆరుగురు చాలన్నాడు రైతు శోభనాద్రి. గట్టు మీద కొడవళ్లు పట్టుకుని నిలబడింది పద్దెనిమిది మంది.

"ఆ ఆరుగురూ ఎవరో నువ్వే చెప్పు మాణిక్యం. నీ ముఠా, నీ ఇష్టం," అన్నాడాయన, ఏదో పెద్ద అధికారం చేతిలో పెట్టినట్టు.

మాణిక్యమ్మ వెనక్కి తిరిగి చూసింది. ఇరవై రెండేళ్లుగా తనతో పాటు వంగి లేచిన నడుములవి. ఎవర్ని ఏరాలి? సువర్ణ మొగుడు ఆర్నెల్లుగా మంచంలో ఉన్నాడు. పున్నమ్మకు అరవై దాటాయి, కోతలూ ఊడ్పులూ తప్ప ఆమెను పనికి పిలిచే దిక్కు లేదు. చిన్నపిల్లలున్నవాళ్లు దిగండి అందామనుకుంది గానీ, అలా అంటే పదిమంది దిగుతారు. చివరికి దగ్గరగా నిలబడ్డ అయిదుగురికి చెయ్యి చూపించి, తల వంచుకుని తనే ముందు చేలోకి దిగింది. ఆరో మనిషి తనేనని చెప్పడానికి ఆమెకు నోరు రాలేదు.

మిగతావాళ్లు ఆమెను ఒక చూపు చూసి, కొందరు తిట్టుకుంటూ పేటకేసి నడిచారు. పున్నమ్మ మాత్రం వెళ్లలేదు. రాలిన కంకులేవైనా ఏరుకుందామని కొంగు దోపుకుని గట్టు మీదే కూలబడింది.

దసరానాడే మాటైంది. ఎకరం కోతకు ఏడు వందలు గుత్త, పదెకరాలూ మాణిక్యమ్మ ముఠాకే. ఆ మాట పట్టుకునే వాళ్లు నందివాడలో వచ్చిన కోతలు వదులుకున్నారు. మూడు రోజుల కిందట ఈ చేలోనే వరి దుబ్బుల మధ్య మినుములు కూడా చల్లారు. ఈ ప్రాంతంలో వరి కోసే ముందే, నేలలో తడి ఉండగానే మినుములు చల్లడం తాతలనాటి పద్ధతి. కోసే మనిషి అడుగు తేలిక, పనల కింద గింజ మొలకెత్తుతుంది. మాఘమాసంలో ఆ మినుములు పీకి నూర్చి ఇస్తే పదో వంతు కూలీలది. ఎండాకాలమంతా పేటలో పొయ్యిలు వెలిగేది ఆ పదో వంతు మీదే.

మొన్న సాయంత్రం టీవీలో బంగాళాఖాతంలో వాయుగుండమన్నారు. నిన్న బందరు రేవులో ప్రమాద సూచిక ఎగరేశారన్నారు. ఇవాళ తెల్లారేసరికి శోభనాద్రి చేలో పంజాబు కోత మిషను నిలబడి ఉంది.

మనిషి ఎత్తు టైర్లు, ముందు పళ్ల వరస, వెనక పొట్ట. గంటకు పన్నెండు వందలు. ఆ గంటలో ఎకరం కోసి, నూర్చి, గింజను బస్తాలకు పోసేస్తుంది. మనుషులతో కోయించి, కుప్ప వేయించి, నూర్పించేసరికి ఎకరానికి రెండువేల అయిదు వందలు అవుతుంది, పైగా పది రోజులు దేవుడి దయ మీద ఆధారపడాలి. వెనక ఒక తుపానులో తన కుప్పలు నీళ్ల మీద తేలుతూ కాలవలోకి పోవడం కళ్లారా చూసినవాడు శోభనాద్రి. ఆయన చెడ్డవాడేమీ కాదు. చెడ్డవాడైతే ముఠాకు తిట్టుకోవడానికైనా వీలుండేది.

మిషను మలుపు తిరగాలంటే మడి మూలల్లో ముందే మనుషులు కోసి ఖాళీ చేయాలి. అందుకే ఈ ఆరుగురు, మనిషికి అరవై. కొడవలి ఆడిస్తున్న మాణిక్యమ్మకు మిషను వెళ్లిన దారి కనిపిస్తూనే ఉంది. టైరు చాళ్లలో నీళ్లు ఊరాయి. ఆ నీళ్లలో తెల్లగా మొలక తొడిగిన మినుపగింజలు నలిగి నేలలోకి కూరుకుపోయి ఉన్నాయి. మినుములు చల్లిన చేలో మిషను దింపకూడదని చెప్పిన పెద్దలెవరూ లేరు, ఎందుకంటే ఆ పెద్దలకు మిషను తెలియదు. శోభనాద్రి అలవాటు కొద్దీ చల్లించాడు, భయం కొద్దీ మిషను తెచ్చాడు. ఆ రెండింటి మధ్యా నలిగింది ఎవరి గింజలో ఆయనకు తట్టినట్టు లేదు.

మిషను మీద డ్రైవరు పక్కన, ఇనప మెట్టు మీద, తలకు చున్నీ చుట్టుకుని మాణిక్యమ్మ కూతురు హన్నా నిలబడి ఉంది.

డ్రైవరు కుల్వంత్ సింగుకు తెలుగు ముక్క రాదు. శోభనాద్రికి హిందీ రాదు. ఊళ్లో హిందీ మాట్లాడగలిగింది హన్నా ఒక్కతే. బళ్లో హిందీ పంతులు ఉద్యోగం నాలుగేళ్లు ఖాళీగా ఉంటే, ఇంటరయ్యాక గుడివాడ కంప్యూటరు సెంటరులో చేరి నేర్చుకుంది. అక్కడ పంతులుండడు. చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుంటే తెర మీది బొమ్మ ఒక వాక్యం అంటుంది, మనం తిరిగి అనాలి. సరిగ్గా అంటే పచ్చ దీపం, తప్పయితే ఎర్ర దీపం. ఎన్నిసార్లు తప్పినా విసుక్కోదు, బెత్తం ఎత్తదు, వెనక బెంచీకి పొమ్మనదు. హిందీ, ఇంగ్లీషు వస్తే విజయవాడలో ఫోన్ల కంపెనీ వాళ్లు తీసుకుంటారని ఎవరో చెప్పారు. మూడు నెలలకు పదిహేను వందలు. నిరుడు మాఘంలో తన వాటా మినుములు అమ్మేసి మాణిక్యమ్మ ఆ ఫీజు కట్టింది. ఆ ఎండాకాలం తల్లీకూతుళ్లు గంజి తాగారు, అదీ సంతోషంగానే తాగారు.

ఇవాళ హన్నాకు కూలి వంద రూపాయలు. తల్లి కంటే నలభై ఎక్కువ.

"మీ పిల్ల పైన రాణీగారిలా ఉంది," అంది పున్నమ్మ, మాణిక్యమ్మ మంచినీళ్లకని గట్టెక్కగానే. ఆమె కొంగులో దోసెడు కంకులైనా లేవు. మిషను వెనక రాలేది నలిగిన గడ్డీ తాలూ.

"పొట్టకూటికే కదా పిన్నీ."

"కూటికేలే. ఆ మిషన్ని పిలిచింది కూడా మీ పిల్లేనంటగా? శోభనాద్రిగారింట్లోంచి ఫోను చేసిందంట. పాలేరు చెప్పాడు."

మాణిక్యమ్మ చెంబు గట్టు మీద దించేసింది. పోయిన ఆదివారం హన్నా యాభై రూపాయల నోటుతో ఇంటికొచ్చింది. శోభనాద్రిగారు ఎవరో మిషనాయనతో మాట్లాడించారమ్మా అంది. చుట్టుపక్కల చేలన్నీ చేపల చెరువులు అయిపోతున్నాయి కదా, చెరువు తవ్వే మిషను కాబోలు అనుకుంది మాణిక్యమ్మ. ఆ యాభైతో రొయ్యలు తెచ్చి గోంగూరలో వండింది. అసలు ఊడ్పుల రోజుల్లో, "మా హన్నా హిందీలో టీవీలో వాళ్లకి మల్లే మాట్లాడుద్దండి," అని శోభనాద్రి దగ్గర గొప్పలు పోయింది కూడా తనే.

మధ్యాహ్నం మిషను ఆగినప్పుడు ఆమె కూతుర్ని పక్కకు పిలిచింది.

"నీకు తెలుసా, కోత మిషనని?"

హన్నా కళ్లు దించుకుంది. "తెలుసమ్మా."

"మన చేనని?"

"ఎవరి చేనని అడగలేదు. ఆ హెడ్‌ఫోన్లు కాకుండా నిజం మనిషితో మాట్లాడ్డం అదే మొదలు. తప్పులు పోకుండా మాట్లాడుతున్నానా లేదా అనే చూసుకున్నానమ్మా. ఫోను పెట్టేశాక చాలా సంతోషమేసింది నాకు."

 కూతురు అబద్ధమాడి ఉంటే బాగుండేదనిపించింది మాణిక్యమ్మకు. కొంగుతో ముఖం తుడుచుకుని మళ్లీ చేలోకి దిగింది.

ఎనిమిది ఎకరాలు అయ్యేసరికి మూడయింది. మిగిలింది కాలవ వారగా ఉన్న రెండెకరాల పల్లం. కుల్వంత్ సింగు మిషను ఆపి దిగాడు. గట్టు దాటి చేలో కాలు పెట్టాడు. బూటు చీలమండ దాకా దిగింది. దాన్ని పీక్కుని, వేళ్లతో ఇంత మన్ను తీసి, పిండి చూపించి, "గీలా, గీలా" అంటూ తల అడ్డంగా ఊపాడు.

"తడండి," అంది హన్నా. "దిగబడుద్దంటున్నాడు. దిగబడితే రెండు ట్రాక్టర్లు పెట్టి లాగినా రోజు పడుద్దంట. వాళ్ల ఓనరు ఆ రోజు నష్టం ఈయన జీతంలో కోసేస్తాడంట. ఇది మనుషులతో కోయించుకోమంటున్నాడు."

మాణిక్యమ్మ పరుగులాంటి నడకతో వచ్చింది. "అయ్యగారండీ, అదైనా మాకొదిలేయండి. అందరం దిగితే రేపు పొద్దుగూకే లోపు పనలు కట్టేసి గట్టెక్కించేస్తాం. దాంట్లో మినుములైనా దక్కుతాయండి."

శోభనాద్రి ఆకాశంకేసి చూశాడు, పల్లంకేసి చూశాడు. "సరే కానీయండి," అన్నాడు, పళ్ల మధ్య నుంచి.

సువర్ణ పేటకు పరుగెత్తింది. అరగంట తిరక్కుండా పొద్దున వెళ్లిపోయిన వాళ్లంతా మళ్లీ గట్టు మీద ఉన్నారు. ఒకామె నోట్లో అన్నం ముద్ద ఇంకా నములుతూనే ఉంది. పున్నమ్మ కొంగు విప్పి కొడవలి అందుకుంది. మనిషికి ఎనభై రూపాయలు కూడా పడని పని. దానికే మొహాలు వెలిగాయి.

అప్పుడే తూర్పు గాలి తిరిగింది. బందరు వైపు ఆకాశం నల్లగా కమ్ముకొచ్చింది. రోడ్డు మీద మోటారు సైకిలెవరో ఆపి, "రాత్రికే తీరం దాటుద్దంట బావా!" అని కేకేసి పోయాడు. 

"ఆగండే, దిగొద్దు," అని శోభనాద్రి ముఠాను ఆపి, హన్నా దగ్గరికి వచ్చాడు. "అమ్మాయ్, వాడికి చెప్పు. కాలవ కట్టేసి పది రోజులయింది, పైన బురదలా ఉంది గానీ కింద గట్టి నేలేనని చెప్పు. పోయినేడు ఇక్కడే మిషను దిగింది, ఏం కాలేదని చెప్పు."

"పోయినేడు మిషను రాలేదు కదండి."

"నేను చెప్పమన్నది చెప్పు."

"దిగబడుద్దండి."

"దిగబడితే వాడి మిషను. ఆ పాటికి సగమన్నా కోస్తాడుగా. నీకేంటి నొప్పి?"

ఆయన గొంతులో కోపం కన్నా భయమే ఎక్కువగా ఉంది. హన్నా డ్రైవరు వంక చూసింది. పొద్దుట్నుంచి "బేటీ" అని పిలుస్తూ తన రొట్టెలో సగం పెట్టిన మనిషి. ఇల్లు వదిలి మూడు నెలలయిందనీ, తన కూతురూ ఈ ఈడుదేననీ చెప్పాడు. తర్వాత గట్టు మీది పద్దెనిమిది కొడవళ్లనూ చూసింది.

"నేను చెప్పనండి," అంది.

"వంద రూపాయలు ఎందుకిస్తున్నాననుకున్నావే?"

"మీరన్నది ఆయనకీ, ఆయనన్నది మీకూ చెప్పడానికండి. పొద్దుట్నుంచి చెప్పాను. మీరిచ్చే వందకన్నా ఎక్కువే చెప్పాను. ఇది మాత్రం చెప్పను."

శోభనాద్రి తల్లి వైపు తిరిగాడు. "మాణిక్యం! మా రెండో చేలో దాళ్వా వరి ఊడ్పులు వస్తున్నాయి. గింజల్ని చాళ్లుగా పోసుకుంటూ పోయే డ్రమ్ములు వచ్చాయంట, ఊడ్పు మనిషితో పనే లేదంట. అయినా మీ మొహాలు చూసి పిలుద్దామనుకుంటున్నా. దానికి చెప్పు, చెప్తావో లేదో!"

మాణిక్యమ్మ నోరు తెరిచింది. చెప్పేయమ్మా అన్న మాట నాలుక మీద దాకా వచ్చింది. ఊడ్పులు పోతే? పదిహేడు ఇళ్లూ రేపు తన గడప ముందు నిలబడి అడిగితే? ఇరవై రెండేళ్లుగా పెద్దవాళ్లు ఒకటంటే "అలాగేనండి" అనడమే ముఠా నడపడమని ఆమె నేర్చుకుంది. కూతురు తన కళ్లలోకే చూస్తోంది. అందులో బతిమాలడం లేదు, ఎదిరింపూ లేదు. పొద్దున ఆరుగురిని ఏరినప్పుడు మిగతా పన్నెండుమందీ చూసిన చూపు అది. మాణిక్యమ్మ నోరు మూసుకుంది.

"మీరంతా ఒకటైపోయారన్నమాట," అని శోభనాద్రి తనే డ్రైవరు ముందుకు వెళ్లాడు. పల్లంకేసి చేతులు ఊపాడు. కాలితో గట్టు మీది గట్టి నేలను దబదబా తన్ని చూపించి, బొటనవేలు పైకెత్తి నవ్వాడు. కుల్వంత్ సింగు అనుమానంగా హన్నాను చూశాడు. ఆమె పెదవి కదపలేదు. ఆమె ఊరుకోవడాన్ని ఏమనుకున్నాడో, భుజాలెగరేసి మిషనెక్కాడు. ఇంజను రంకె వేసింది. పళ్ల వరస గట్టు మీదుగా లేచి పల్లం వైపు వంగింది.

మాణిక్యమ్మ ఎప్పుడు దిగిందో ఎవరూ చూడలేదు. చూసేసరికి మిషనుకు ఎదురుగా, వరి దుబ్బుల మధ్య పిక్కల దాకా బురదలో నిలబడి ఉంది. కొడవలి గట్టు మీద పారేసింది. వంగి రెండు చేతులా మన్ను తవ్వి పైకెత్తింది. మోచేతుల మీదుగా నల్లటి నీళ్లు కారుతున్నాయి, ఆ మన్నులో మొలకెత్తిన మినుములు అంటుకుని ఉన్నాయి.

"గీలా!" అని అరిచింది.

ఇందాక డ్రైవరు అంటుంటే విన్నది, ఆ భాషలో ఆమెకు వచ్చిన ఒకే ఒక్క మాట అది. పళ్ల వరస ఆమె ఛాతీకి మూరెడు దూరంలో తిరుగుతోంది. కుల్వంత్ సింగు చెయ్యి లివరు మీద ఉంది, కళ్లు ఆమె చేతుల మీద ఉన్నాయి. గట్టు మీంచి శోభనాద్రి ఏదో కేకలేస్తున్నాడు, ఇంజను హోరులో అవి వినపడ్డం లేదు.

పున్నమ్మ చీర ఎగదోపుకుని బురదలోకి దిగింది. వెనకే సువర్ణ, హన్నా దిగారు. తొలి చినుకు మాణిక్యమ్మ దోసిట్లో పడింది. ఆమె చేతులు దించలేదు.

"గీలా," అంది మళ్లీ.