రాణి కనిపించిందక్కయ్యా

దర్జీకి కత్తెరంటే భయం లేదు, సూదంటే భయం లేదు, రేపటికల్లా కావాలని మీద పడే గిరాకీలంటే అసలే లేదు. భయమల్లా తన డాబా మీదున్న తేనెపెట్టె అంటేనే.

మొదటిసారి మూత తీసినప్పుడు ఒక ఈగ ముసుగులోకి దూరి కనురెప్ప మీద కుట్టింది. కన్ను పూడుకుపోయి, కొన్నాళ్ళు ఒంటికన్నుతోనే కాజాలు కుట్టాడు. ఆ తర్వాత పెట్టె జోలికి పోలేదు. విడ్డూరమేమిటంటే, కొత్తగా ఈగలు పెంచేవాళ్ళందరికీ ముసుగులూ చొక్కాలూ కుట్టిపెట్టింది అతనే. తనవి మాత్రం ఆ రోజు నుంచీ కొక్కేనికే వేలాడుతున్నాయి.

ఈ కొత్తవాళ్ళకు మొదటి ఏడాదంతా గురువు, అందరూ అక్కయ్య అని పిలిచే ఆవిడ. ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైంది. ఈగల దగ్గర ఆవిడ చెయ్యి ఎంత మెత్తనో, మనుషుల దగ్గర నోరు అంత గట్టిది. వారం వారం పెట్టె తెరిచి చూడాలి, చూసింది ఫోనులో చెప్పాలి. అదీ ఆవిడ నియమం. తొలివారంలోనే, శిష్యుల్లో ఒకడైన బేకరీ అతను "కుదర్లేదక్కయ్యా" అన్నందుకు అందరి ముందూ దులిపేసింది.

"చూసుకోలేనివాడివి ఎందుకు తెచ్చుకున్నావయ్యా? అవి ప్రాణాలు కావూ?"

పాపం బేకరీ అతను మొహం చిన్నబుచ్చుకుని నిలబడ్డాడు. అది చూసొచ్చిన దర్జీ ఆ సాయంత్రమే తన మొదటి అబద్ధం ఆడాడు.

"రాణి కనిపించిందా?" అంది అక్కయ్య ఫోనులో.

"కనిపించిందక్కయ్యా. దర్జాగా తిరుగుతోంది."

"గుడ్లు?"

"గదికొకటి, పేర్చినట్టున్నాయి."

ఆవిడ పాఠం ఆవిడకే అప్పజెప్పడం అతనికి ఇట్టే అలవాటైంది. పెట్టె ముందు ఈగలు పలచబడుతున్నా, ఎండ వల్లేలే అని సర్దిచెప్పుకున్నాడు. "ఎవరికండీ చెబుతున్నారు ఈ కబుర్లు?" అని భార్య అంటే, "నీకేం తెలుసు, ఊరుకో" అని కసిరేవాడు. కసిరాక ఆమె మొహం చూడటానికి సిగ్గేసేది.

చివరికి పొగడ్తే కొంప ముంచింది.

"నా శిష్యుల్లో నువ్వే నయం. ఆదివారం అందర్నీ మీ డాబా మీదికి తీసుకొస్తున్నా. నీ పెట్టె చూసి నేర్చుకుంటారు" అంది అక్కయ్య.

వద్దనడానికి సాకు తోచలేదు. శనివారం గుండె చిక్కబట్టుకుని మెట్లెక్కాడు. మూత మీద చెయ్యి కూడా వేశాడు. వేసి, దిగొచ్చేశాడు.

ఆదివారం అందరూ అతను కుట్టిన ముసుగులేసుకుని వచ్చారు. అక్కయ్యే స్వయంగా మూత ఎత్తింది. లోపల ఒక్క ఈగ లేదు. తేనెపట్టులన్నిటినీ మైనపు పురుగులు తొలిచి, బూజులా దారాలు అల్లేశాయి. మొదట్లోనే చూసి ఏరిపారేయాల్సిన పురుగు అది. ఎవరూ పట్టించుకోకపోయేసరికి ఈగలు గూడు వదిలి లేచిపోయాయి.

 అక్కయ్య మూత చేత్తో పట్టుకునే అందరివైపూ తిరిగింది.

"తప్పు నాదే. ఇతను వారం వారం చూసి చెబుతూనే ఉన్నాడు. ఏది అడగాలో నాకే తెలియలేదు. నేర్పడం చేతకాలేదు నాకు."

దర్జీకి తల కొట్టేసినట్టయింది. తిట్టినా బావుండేది. తన అబద్ధాన్ని ఆ పెద్దావిడ తలకెత్తుకుంటుంటే చూస్తూ నిలబడటం అతని వల్ల కాలేదు.

"కాదక్కయ్యా. నేనసలు తెరవలేదు. ఈగ కుట్టిన రోజు నుంచీ ఒక్కసారి కూడా తెరవలేదు. రాణి ఎలా ఉంటుందో కూడా తెలీదు నాకు. అన్నీ అబద్ధాలే చెప్పాను."

ఇక దులుపుడు మొదలవుతుందని కళ్ళు మూసుకున్నాడు. వినపడింది మాత్రం బేకరీ అతని గొంతు.

"నేనూ అంతే అక్కయ్యా. ఆ రోజు మీరు అలా అన్నాక, చూడకపోయినా చూశాననే చెబుతున్నా."

పక్కనున్న మరో శిష్యురాలు, లెక్కల టీచరు, ముసుగు తీయకుండానే తల దించుకుంది.

అక్కయ్య మూత కింద పెట్టి, ఒక్కొక్కరినే చూసింది. ఆవిడ గొంతు అంత చిన్నగా రావడం వాళ్ళెప్పుడూ వినలేదు.

"ఏం తమ్ముడూ, ఈగ కుట్టడం కన్నా నేనంటేనే ఎక్కువ భయమా మీకు?"