పిల్లభూతం మర్యాద

భూతాలను నరుక్కుంటూ పోయే కంప్యూటర్ ఆటలలో మొదటి లెవెల్ నిండా చిన్న భూతాలే ఉంటాయి. కథానాయకుడు వాటిని చంపి బలం తెచ్చుకుంటాడు. ఆ బలంతో పెద్ద భూతాల దగ్గరకు వెళతాడు. చిన్నవాటికి పేర్లుండవు, అంతసేపు బ్రతకవు గనక. రాజమండ్రిలో ఒక మేడమీద తయారవుతున్న తెలుగు కంప్యూటర్ గేమ్‌లో వాటిని పిల్లభూతాలు అన్నారు. వాటికి మాటలు రాయడం హేమశ్రీ ఉద్యోగం.

శుక్రవారం హైదరాబాదు నుంచి పెట్టుబడిదారులు చూడటానికి వస్తారు. వారికి నచ్చకపోతే ఆఫీసు మూసేస్తానని యజమాని శివరామకృష్ణ ముందే చెప్పాడు. అప్పుడామె భీమవరంలో బాబాయిగారి రొయ్యల మేత దుకాణానికి తిరిగి వెళ్ళాలి. అక్కడ ఏ లోటూ ఉండదు. మాటలు రాసే పని మాత్రం ఉండదు.

పిల్లభూతానికి ఆమె రాసినది ఒక్కటే మాట: "ఆగండి, ఇటు రాకూడదండి." పౌరాణిక నాటకాలలో ద్వారపాలకుడి వేషాలు వేసిన సామర్లకోట చిట్టియ్య దానికి గొంతు ఇచ్చాడు.

ఆడి చూడటానికి పిలిచిన ఇంజనీరింగ్ విద్యార్థులు ఆ మాట విని ఆగారు. కొందరు వేరే దారి వెతికారు. ప్రసన్నకుమార్ అనే కుర్రవాడు "సరేనండి" అని తెరతో చెప్పి వెనక్కి తిరిగాడు. ఎవరూ చంపలేదు. చంపనిదే బలం రాదు. బలం రానిదే రెండో లెవెల్ తెరుచుకోదు.

"అండి తీసెయ్యమ్మా," అన్నాడు శివరామకృష్ణ. "భూతం అండి అంటే ఎవడు నరుకుతాడు?"

ఆమె "ఆగరా, ఇటు రాకు" అని మార్చింది. చిట్టియ్య రెండుసార్లు ప్రయత్నించాడు. రెండుసార్లూ "ఆగండి" అనే వచ్చింది.

"మొహం తెలీని మనిషినండి. రా అని ఎలా అనమంటారు?"

"మీరు భూతమండి."

"మన వైపు భూతమే కదండి."

మరొక గొంతు వెతికే వ్యవధి లేదు. హేమశ్రీ ఆలోచించింది. విద్యార్థులను ఆపినది దయ కాదు, మర్యాద. దయకు విరుగుడు ఆమెకు తెలియదు. మర్యాదకు తెలుసు. బస్సులో కిటికీ సీటు ఆక్రమించేవాడు, పక్కవాడి పొలంలోకి గట్టు జరిపేవాడు, ముందుగా ఒక మాట అంటారు. ఆ మాట అన్నాక పని మానుకున్నవాణ్ణి ఆమె చూడలేదు.

పిల్లభూతం మాటను అలాగే ఉంచి, కథానాయకుడికి ఒకటి రాసింది. కత్తి మీట నొక్కగానే అతడు ముందు "ఏమీ అనుకోకండి" అంటాడు. తరువాత నరుకుతాడు. పిల్లభూతం కూలుతూ "అయ్యో, పర్లేదండి" అంటుంది. దెబ్బ ఎంత లోతుగా తగిలిందని చిట్టియ్య అడిగాడు. ప్రాణం పోయేంత అని ఆమె చెప్పింది. అతడు ఒక్కసారికే సరిగా పలికాడు.

విద్యార్థులు మళ్ళీ వచ్చారు. వధ సాఫీగా సాగింది. ప్రసన్నకుమార్‌కు కావలసిన బలం వచ్చి రెండో లెవెల్ తెరుచుకుంది. అతడు అందులోకి పోలేదు. వెనక్కి వెళ్ళి, దారికి అడ్డురాక కాలువ అవతల కూర్చున్నవాటిని కూడా నరకసాగాడు. ఎందుకని హేమశ్రీ అడిగింది.

"చెప్పే కదండి చంపుతున్నాను," అన్నాడతడు, తెర మీంచి చూపు తిప్పకుండా.

శుక్రవారం వచ్చినవారికి ఆట నచ్చింది. రెండో లెవెల్‌లోనూ ఆ సంభాషణే ఉంచమన్నారు. ఉద్యోగం నిలిచింది.

ఆ సాయంత్రం ఆమె రెండో లెవెల్ భూతాల మాటలకు కూర్చుంది. "ఏమీ అనుకోకండి" వరకు సులువుగా వచ్చింది. జవాబు దగ్గర చెయ్యి ఆగింది. పర్వాలేదా అని పిల్లభూతాన్ని ఎవరూ అడగలేదు. దాని తరఫున తానే చెప్పేసింది. ఈసారి జవాబు వేరుగా రాసింది: "అనుకుంటానండి."

శివరామకృష్ణ అది రెండుసార్లు చదివాడు.

"ఇది వింటే మళ్ళీ ఆగిపోతారేమోనమ్మా?"

"ఆగకపోవచ్చునండి," అంది హేమశ్రీ. రేపు ఉదయం రమ్మని చిట్టియ్యకు ఫోన్ చేసింది.