చెక్కముక్కల మేడమ్

ఆఖరి చెక్కముక్కను బల్ల మీద పెట్టి ఆమె స్టాప్‌వాచ్ నొక్కింది. "ఈ బొమ్మలో ఉన్నట్టే పేర్చమ్మా."

ఎదురుగా కూర్చున్న పద్నాలుగేళ్ళ పిల్ల బొమ్మను ఒక్కసారి చూసింది. ముక్కల్ని అరచేతిలో గలగలలాడించి నిమిషం తిరక్కుండానే పేర్చేసింది. ఫస్టు మార్కుల పిల్లలు కూడా ఆ బొమ్మ దగ్గర తల గోక్కుంటారు. మేడమ్ ముఖంలో ఏమీ కనబడనివ్వకుండా అంకె వేసుకుంది. పరీక్ష మధ్యలో మెచ్చుకోకూడదు.

అది ఆటసామాన్ల గది. గాలిపోయిన బంతులు, తెగిన తాళ్ళు, గట్టిపడిన సున్నం డబ్బా, వాటి మధ్య రెండు కుర్చీలు, ఒక కాలు పొట్టిదైన బల్ల. చదువులో వెనకబడిన పిల్లల్ని పరీక్షించి, చిక్కు ఎక్కడుందో రాసివ్వడం ఆమె ఉద్యోగం. ఏడాదికోసారి పొడిగించే కాంట్రాక్టు మీద పంతొమ్మిదేళ్ళుగా పరీక్షల పెట్టె మోసుకుంటూ బడి నుంచి బడికి తిరుగుతోంది. ఆ బరువుకి కుడి భుజం కాస్త కిందికి జారింది. పిల్లలు పెట్టిన పేరు చెక్కముక్కల మేడమ్. ఒక్కో పిల్లకు మూడు గంటలు కావాలి. ఆఫీసు ఇచ్చేది నలభై నిమిషాలు.

పొద్దున్నే ఆమెకు ఒళ్ళు మండింది. పెద్దమేడమ్, అంటే ఆ బడి ప్రధానోపాధ్యాయురాలు, చేతికిచ్చిన ఈ పిల్ల ఫారంలో 'ఫలితం' అన్నచోట అప్పటికే పెన్సిల్‌తో రాసి ఉంది: 'మందబుద్ధి. ఈ బడికి పనికిరాదు.'

"ఇదేంటండీ? నేనింకా పిల్ల ముఖమే చూళ్ళేదు."

"మీకు పని తగ్గిద్దామనే. వచ్చే ఏడు పెద్ద పరీక్ష కదా. ఇలాంటివాళ్ళు నలుగురుంటే మా పాస్ పర్సెంటేజీ ఏం కాను?"

మేడమ్ రబ్బరు తీసుకుని, ఆవిడ ఎదుటే, కాగితం చిరిగేంత గట్టిగా చెరిపింది.

ఇప్పుడు తర్వాతి ప్రశ్న అడిగింది. "చీమల బారుకీ రైలుకీ పోలికేంటి?"

"రెండూ ఒకదాని వెనక ఒకటి పోతాయి మేడమ్. కాకపోతే చీమలు ఎదురుపడితే ఆగి మాట్లాడుకుంటాయి. రైళ్ళు ఎదురుపడితే మాట్లాడుకోడానికి ఎవరూ మిగలరు."

మేడమ్‌కి నవ్వు ఆగలేదు. ఆ నవ్వు చదివే కాగితం తీసేదాకానే నిలిచింది. కాగితం చూడగానే పిల్ల ముఖం వాడిపోయింది. అక్షరాల కింద వేలు పెట్టి, 'పడవ'ను 'వడప' అంది. తల అడ్డంగా ఊపి 'వడవ' అంది. పన్నెండు మాటలకు పదకొండు నిమిషాలు పట్టింది. పైపెదవి మీద చెమట పట్టింది.

"ఇవి నిలబడవు మేడమ్. నిలబడితే చదువుతా."

మేడమ్ చేతిలో పెన్సిల్ ఆగిపోయింది.

ఆమెకు పన్నెండేళ్ళప్పుడు, తమ్ముడికి చదువు చెప్పే పని నాన్న ఆమెకే అప్పగించాడు. ఎనిమిదేళ్ళవాడు ఒకే అక్షరాన్ని పదిసార్లు తిరగేసి రాశాడు. "అక్కా, అది కదుల్తోందే" అన్నాడు. అబద్ధమాడుతున్నాడని స్కేలు అంచుతో వేళ్ళ కణుపుల మీద కొట్టింది. వాడు ఏడవలేదు. ఆరో తరగతితో బడి మానేశాడు. ఇప్పుడు పాడైన మోటార్లు చెవి ఆనించి బాగుచేస్తాడు, ఉత్తరం వస్తే భార్య చేత చదివించుకుంటాడు. కణుపు మీద మచ్చ ఇంకా ఉంది. ఆ ఊసు వాడెప్పుడూ ఎత్తలేదు. ఎత్తి తిట్టి ఉంటే బాగుండేది. ఈ ఉద్యోగపు శిక్షణలో, అక్షరాలు కదిలినట్టు కొందరు పిల్లలు చెబుతారని పాఠం చెప్పినరోజు, ఆమె బయటికెళ్ళి కుళాయి కింద తల పెట్టి నిలబడింది. ఆనాటినుంచీ ఆమె కోపంలో సగం లోకం మీద, సగం తన మీద.

పిల్లను తీసుకుని బయటికొచ్చేసరికి, వరండాలో పిల్ల తల్లి ఒక కాగితం ముందు కలం పట్టుకుని వంగి ఉంది. ఇస్త్రీ పని చేసే మనిషి. మణికట్టు నిండా కాలిన మచ్చలు. పక్కన పెద్దమేడమ్ నిలబడింది.

"ఆగమ్మా. అందులో ఏముందో తెలుసా?" అంది మేడమ్, కాగితం లాక్కుని చదివి.

"పిల్లకి మంచి చేసే కాగితమన్నారండీ."

"నీ అంతట నువ్వే పిల్లను బడి మాన్పిస్తున్నావని ఉంది. సంతకం పెట్టకు."

తల్లి కలం వదిలేసింది. "మా పిల్ల మొద్దు కాదండీ. నలభై ఇళ్ళ బట్టలొస్తాయి. ఏ చొక్కా ఎవరిదో ముట్టుకుని చెబుతుంది. ఒక్కటీ మారదు."

"మీ హద్దులో మీరుండండి" అంది పెద్దమేడమ్.

"నా హద్దులోనే ఉన్నాను. పరీక్ష చేసింది నేను."

పెద్దమేడమ్ ఆఫీసుకి ఫోను చేయడానికి విసవిసా లోపలికి వెళ్ళింది. మేడమ్ మెట్ల మీదే కూర్చుని నివేదిక మూడు ప్రతులు రాసింది: బడికొకటి, ఆఫీసుకొకటి, తల్లీకూతుళ్ళకొకటి. తల్లికి చదివి వినిపించింది: "ఈ పిల్ల ఆలోచనలో ఏ లోపమూ లేదు. అక్షరాలు గుర్తుపట్టడంలోనే ఇబ్బంది. ప్రశ్నలు పైకి చదివి వినిపించాలి. ఎక్కువ సమయం ఇవ్వాలి. ఈ బడిలోనే ఉంచాలి."

"నేను మొద్దుని కాదని రాశారా మేడమ్?"

"రాశాను. ఇంకుతో రాశాను."

పిల్ల తమ ప్రతిని అక్షరాల వైపు చూడకుండానే మడిచి యూనిఫాం లోపల దోపుకుంది.

గంటలో ఆఫీసరు ఫోను వచ్చింది. "మీరు పరీక్షలకెళ్ళారా, పంచాయితీలకెళ్ళారా?"

"పరీక్షకేనండీ."

"రేపట్నుంచి రానక్కర్లేదు. పెట్టె ఆఫీసులో అప్పజెప్పండి."

"లిస్టులో ఇంకా పదకొండుమంది పిల్లలున్నారండీ..."

ఆయన అప్పటికే పెట్టేశాడు. ఆమె పెట్టె ఎత్తుకుని, ఎవరికీ చెప్పకుండా గేటు దాటింది.

నివేదిక చేతిలో ఉండబట్టి ఆ పిల్లను ఎవరూ కదిలించలేకపోయారు. మిగతా పదకొండుమందినీ పరీక్షించడానికి ఇంకెవరూ రాలేదు. ఆటసామాన్ల గదిలోకి కొత్త బంతులు వచ్చాయి. పిల్లలు రోజూ ఆ తలుపు దబదబా బాది తెరుస్తారు. తలుపు మేకుకి మాత్రం, ఆరోజు ఆమె పరీక్షకు ముందు తగిలించి, హడావుడిలో తీసుకోవడం మరిచిన అట్టముక్క పురికొసకి ఇంకా వేలాడుతోంది: 'లోపల ఒకరు ఆలోచిస్తున్నారు. చప్పుడు చేయకండి.'