క్వేజార్ చుట్టూ ఉన్నది

"నువ్వు వెళ్తానంటే నేను వద్దంటానా? నీ ఇష్టం. అమ్మకి మాత్రం నువ్వే చెప్పుకో," అన్నాడు ఆయన, తిన్న కంచం నీళ్ళయినా పోయకుండా సింకులో పడేసి. అంటుకుపోయినదంతా గోకుతూ నిలబడ్డాను. సముద్రం అవతల ఉన్న పెద్ద రేడియో టెలిస్కోప్ వాళ్ళు రెండేళ్ళు వచ్చి పనిచెయ్యమని నన్ను పిలిచారు. అత్తగారికి చెప్పాను. "ఆ చుక్కలెక్కడికి పోతాయమ్మా, పిల్ల పరీక్షలు గట్టెక్కాక చూసుకోవచ్చుగా," అన్నారు. అవి చుక్కలు కావు, ఎక్కడో దూరపు గెలాక్సీల నడుమ భగ్గున వెలిగే క్వేజార్లని చెప్పడం చెవిటివాడి ముందు శంఖం ఊదడమే. ఆయనా నేనూ ఒకే పరిశోధనాలయంలో పనిచేస్తాం. ఇంటికొచ్చాక మాత్రం ఆయన శాస్త్రవేత్త, నేను కోడల్ని.

క్వేజార్ నుంచి బయల్దేరిన రేడియో తరంగాలు ప్లాస్మాలోంచి, అంటే విద్యుదావేశమున్న వాయువులోంచి, వస్తూ మెలితిరుగుతాయి. మావాళ్ళు ఆ మెలికను దారిలో పట్టిన దుమ్ముగా లెక్కేసి తీసేసేవారు. తీసే పని నాది. "మీరు శుభ్రం చేసివ్వండి చాలు," అనేవారు పెద్దసారు. ఒక క్వేజార్‌లో ఆ మెలిక ఏడాదికేడాది మారిపోవడం నేను చూశాను. దారిలోని వాయువు అంత త్వరగా మారదు. ఇది దాన్నే అంటిపెట్టుకుని చుట్టుముట్టిన ప్లాస్మా. ఆ సంగతి తెలిసే టెలిస్కోప్ వాళ్ళు నన్ను పిలిచారు. తరంగాలను అది ఆపదు, పోనిస్తూనే మెలితిప్పుతుంది. ఆ మాట పేపర్లో రాస్తుంటే నా ఇల్లే కళ్ళముందు కదిలింది. ఇంట్లో నన్నెవరు ఆపారు కనక?

అత్తగారికి మోకాళ్ళ నొప్పులు ఎక్కువయ్యాయి. పిల్ల నాతో మాట్లాడ్డం తగ్గించింది. "బాగా ఆలోచించుకో," అని ఆయన రోజూ నెమ్మదిగా అన్నాడు. చివరికి రాలేనని నేనే రాసేశాను. ఆ పూట ఇల్లంతా మళ్ళీ మామూలుగా మాట్లాడింది. నాకు మాత్రం బతకాలనిపించలేదు.

మర్నాడు పెద్దసారు పిలిచారు. "పోనీలెండమ్మా, మీవారు వెళ్తానన్నారు. మీరు పట్టుకున్నది మీ ఇంట్లోనే ఉంటుంది," అన్నారు. ఇంట్లో మావారు నాతో ఒక్క ముక్కా చెప్పలేదు. అడిగితే, "నువ్వెలాగూ వెళ్ళవుగా, బయటివాళ్ళకి పోనివ్వడమెందుకని," అన్నాడు.

ఇవాళ ఆయన ప్రయాణం. అత్తగారు మోకాళ్ళ మాటే మరిచి గదికీ హాలుకీ తిరుగుతూ బట్టలు సర్దారు. "రెండేళ్ళేగా నాయనా, ఇట్టే గడిచిపోతాయి. ఇల్లు తను చూసుకుంటుందిలే." పెట్టె నిండిపోయి జిప్పు పడలేదు. "కాస్త దీనిమీద కూర్చో," అన్నాడు ఆయన.

కూర్చున్నాను.