కోట అడుగున మామగారు

కోట కింది గిడ్డంగికి తాళం పడ్డాక గానీ మామగారు లోపలే ఉండిపోయారని అల్లుడికి తెలియలేదు.

పాత రేవు చూద్దామని మామగారూ, కూతురూ, అల్లుడూ పొద్దున్నే బయల్దేరారు. దీపస్తంభం ఎక్కారు, ఓడల మ్యూజియం తిరిగారు. అక్కడ ఓడ కూత వినిపిస్తామనగానే మామగారు చెవి మిషను తీసి కూతురి చేతిలో పెట్టారు. ఓడ ఇంజన్ల దగ్గర పనిచేసి చెవులు పోగొట్టుకున్న మనిషి.

"ఈ కూత జన్మకి సరిపడా విన్నానమ్మా."

మిషను ఆమె సంచిలోనే ఉండిపోయింది. కోటకొచ్చాక ఆమె మోకాళ్ళ నొప్పులని పైనే కూర్చుంది. మామా అల్లుళ్ళు గిడ్డంగి చూడ్డానికి దిగారు. నాన్న తన భర్తతో ఉన్నారని ఆమె ధీమా. మామ పైకెళ్ళిపోయారని అల్లుడి ధీమా.

"నాన్నేరండీ?"

"నీ దగ్గర లేరూ?"

ఇద్దరూ గిడ్డంగి తలుపు దగ్గరున్న వాచ్‌మన్ దగ్గరికి పరిగెత్తారు.

"సముద్రం పోటెక్కే ముందు అందర్నీ పైకి రమ్మని గంట కొడతానండీ. కొట్టాకే తాళం వేశా," అన్నాడు వాచ్‌మన్.

"ఆయనకి పిడుగు పడ్డా వినపడదయ్యా. తాళం తియ్యి ముందు," అన్నాడు అల్లుడు.

తలుపు తీసేసరికి కింది మెట్లు మునిగాయి. గోడ కన్నాల్లోంచి సముద్రం బుసకొడుతూ వస్తోంది. లోపల మూడు దారులు, మూడూ చీకటే.

అల్లుడు దిగబోయాడు. వాచ్‌మన్ రెక్క పట్టుకున్నాడు. "దారి తప్పితే ఇద్దర్ని వెతకాలి బాబూ."

ఆమె సంచిలోంచి స్టీలు సీసా తీసి మెట్ల పక్క ఇనుప కమ్మీ మీద కొట్టడం మొదలెట్టింది. మూడు దెబ్బలు, ఆగడం, మూడు దెబ్బలు.

"ఏంటే ఇది?"

"ఇంట్లో నాన్నని ఇలాగే పిలిచేవాళ్ళం, కిటికీ ఊచ మీద. చెయ్యి ఆనితే అదురు తెలుస్తుంది. ఈ కమ్మీ లోపలిదాకా ఉందిగా?"

"మూడు దారుల్లోనూ ఉందమ్మా," అన్నాడు వాచ్‌మన్.

"ఆయన పట్టుకోకపోతే?" అన్నాడు అల్లుడు.

ఆమె కొడుతూనే ఉంది. ఇంకో మెట్టు మునిగింది. అల్లుడు కిందికి దిగి, కమ్మీలు మూడుగా చీలేచోట ఒక్కోదానిమీదా అరచెయ్యి పెట్టి చూశాడు. ఆమె దెబ్బకి మూడూ అదిరాయి. ఆమె చెయ్యి ఆగినప్పుడు కూడా ఎడమది సన్నగా అదిరింది.

ఇక ఎవరి మాటా వినలేదు. నడుం లోతు నీళ్ళలో కమ్మీ వెంట పోయాడు. మలుపులో మామగారు తగిలారు. రాయితో కమ్మీని కొడుతున్నారు.

పైకొచ్చి మెట్టు మీద కూలబడి అన్నారు. "ఎటు నడిచినా గోడేనయ్యా. అయిపోయిందనుకున్నా."

కూతురి పెళ్ళైన నాటినుంచీ అల్లుడి చెయ్యి ఆసరాగా పట్టుకోని మనిషి. ఆ రోజు బస్సు ఎక్కేదాకా ఆ చెయ్యి వదల్లేదు.